దీపపు పురుగులు

అక్టోబర్ 12, ఆదివారం

ఈ ఇంట్లో తెలుగు మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం ఎవరికీ రాదు. పసుపు యార్డులో రైతులతో పొద్దంతా తెలుగులో బేరాలాడే మా మామగారు కూడా బస్సు బోర్డు చదవాలంటే పక్కవాణ్ణి అడగాల్సిందే. నా కూతురు ఆర్జవికి స్కూల్లో తెలుగు ఉంది కానీ నా గొలుసు రాత దాని తరం కాదు. నేను బోధన్‌లో తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. కాబట్టి ఈ డైరీని డ్రెస్సింగ్ టేబుల్ మీద పడేసినా నాకేం భయం లేదు.

మామగారు ఈసారి బోధన్ గుడి కమిటీకి ప్రెసిడెంట్ అయ్యారు. అది మా పుట్టింటివాళ్ళ గుడి. ఊరి చివర, వరి పొలాల అంచున ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడి జైన కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఎవరూ తొంగిచూడని ఆ గుడికి ఇప్పుడు నిజామాబాద్ నుంచి ఒక కమిటీ, ఆ కమిటీకో వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపుకి మామగారి ఫొటో.

మహావీర స్వామి మోక్షానికి వెళ్ళిన వేళకి గుర్తుగా దీపావళి తెల్లవారుజామున పెట్టే నిర్వాణ లడ్డూ ఈసారి అక్కడే సమర్పిస్తారు. మొదటి లడ్డూ మోసేది ఆర్జవి. తొమ్మిదేళ్ళ పిల్ల, సంతోషం పట్టలేక సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

బ్యానర్ ప్రింటై వచ్చింది. పటాకులు కాల్చకండి, ఒక్క ప్రాణి కూడా చావకూడదు అని హిందీలో, తెలుగులో. పక్కన దండం పెడుతూ మామగారు, మనిషి సైజులో. మహావీర స్వామి పై మూలన స్టాంపు బిళ్ళంత ఉన్నారు.

హైదరాబాద్ నుంచి ఫోకస్ లైట్లు తెప్పిస్తున్నారట. రోడ్డు మీద పోయే లారీవాడికి కూడా గుడి కనపడాలి అన్నారు.

అక్టోబర్ 14, మంగళవారం

దాదీ ఈ రోజు ఆర్జవిని పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పింది. దాదీ అంటే నా భర్త నితేశ్ నాయనమ్మ. ఎనభై దాటింది, చూపు బాగా మందగించింది. అయినా ఏటా దీపావళికి రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. స్వామి ఆఖరి రెండు రోజులు అలాగే ఉన్నారు కాబట్టి తనూ ఉంటుంది. ఎవరికీ చెప్పదు, ఫొటో దిగదు.

పావాపురిలో అమావాస్య తెల్లవారబోతుండగా స్వామి దేహం వదిలేశారట. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. లోపలి వెలుగు ఎలాగూ వెళ్ళిపోయింది, కనీసం మట్టి ప్రమిదల వెలుగైనా పెట్టుకుందాం అనుకున్నారు. మన దీపాలు ఆయనకి సరిపోవని తెలిసే పెడతాం బేటా, అంది దాదీ. ఆ మాట నాకు చాలా నచ్చింది. చిన్నప్పుడు బోధన్ గుడిలో మా నాన్న పెట్టింది కూడా ఒక్కటే దీపం. దాని చుట్టూ లాంతరు గాజు, పైన పల్చటి గుడ్డ. పురుగు పడకుండా.

తర్వాత గౌతముడి కథ. బుద్ధుడు కాదు, మహావీర స్వామి పెద్ద శిష్యుడు. ఆ సమయానికి గురువు దగ్గర లేడు. వార్త విని వెక్కి వెక్కి ఏడ్చాడు. గురువు మీద పెట్టుకున్న ఆ ప్రేమే తనకి అడ్డంగా ఉందని ఏడుపులోనే తెలిసింది. ఆ సాయంత్రమే అతనికి పూర్తి జ్ఞానం కలిగింది. ఆర్జవి నా వైపు అనుమానంగా చూసి, అయితే నేను అమ్మని ప్రేమించొద్దా అని అడిగింది. దాదీ పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది.

ఆర్జవి ఆదివారాలు వెళ్ళే జైన పాఠశాలలో నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. హింస చేసినా పాపమే, చేయించినా పాపమే, ఎవరో చేస్తుంటే సరే అని ఊరుకున్నా పాపమే. ఈ పాఠానికి టీచర్ దానికి స్టార్ స్టిక్కర్ ఇచ్చింది. దాన్ని నుదుటికి అంటించుకుని తిరుగుతోంది.

అక్టోబర్ 15

లైట్లు వచ్చాయి. లారీలో!

అక్టోబర్ 17, శుక్రవారం. బోధన్

పొద్దున బయల్దేరి వచ్చేశాం. జానకంపేట దాటినప్పటి నుంచి రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవర్ తిట్టుకుంటూ నడిపాడు. గుడి వెనకున్న ధర్మశాల గదుల్లో దిగాం. మా ఇంట్లో పనిచేసే సుమిత్రమ్మ వెనక వ్యాన్‌లో గిన్నెలతో పాటు వచ్చింది. తీరిక దొరికితే చుట్టుకుందామని బీడీల చాట కూడా తెచ్చుకుంది పాపం.

చీకటి పడగానే లైట్లు టెస్ట్ చేశారు.

గుడి పెళ్ళి ఫంక్షన్ హాల్‌లా ఉంది. గోపురం మీద నీలం, గోడల మీద గులాబీ, గుమ్మం మీద తెల్లటి ఫోకస్. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే పొలాల వైపు నుంచి సన్నటి వాన లాంటిది రావడం మొదలైంది. దీపపు పురుగులు. వరి కోతల కాలంలో ఈ పచ్చటి పురుగులు ఏ బల్బు కనిపించినా వచ్చి పడతాయి. బోధన్‌లో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. నాకు తెలుసు. లైట్ల సంగతి విన్న రోజే నాకు గుర్తు రావాల్సింది.

జాకెట్‌లోకి దూరాయి, జుట్టులో చిక్కుకున్నాయి. ఒకటి నా నోట్లోకి పోయింది. లైటు గాజు మీద వాలిన ప్రతి పురుగూ చిటపటమని మాడి కింద పడుతోంది. వాసన వెంట్రుకలు కాలినట్టు ఉంది.

కింద బ్యానర్. ఒక్క ప్రాణి కూడా చావకూడదు.

అక్టోబర్ 18, శనివారం

పొద్దున్నే సుమిత్రమ్మ గుడి మెట్లు ఊడుస్తోంది. మెట్ల పక్కన పచ్చగా ఒక కుప్ప. దూరం నుంచి చూసి పెసలు పోశారేమో అనుకున్నాను. గివేం పురుగులు భాభీ, చాటలకు చాటలు ఎత్తిపోస్తున్న, చేతులు ఎంత కడిగినా వాసన పోతలేదు, గీ చేతులతోని బీడీలు ఎట్ల చుట్టాలె అంది. కుప్పలో కొన్ని ఇంకా కదులుతున్నాయి. గోనెసంచిలోకి ఎత్తి కాలవ గట్టున పారబోసింది.

పొద్దు గూకకముందే భోజనాలు. ఆ టైములో మామగారితో చెప్పాను. చీకటి పడగానే లైట్లు ఆపేద్దాం, తెల్లవారుజామున దీపం ఒక్కటి పెట్టుకుందాం, దాదీ చెప్పిన కథలో కూడా అంతే కదా అన్నాను. మామగారు నవ్వారు. కోప్పడితే బాగుండేది. చీకట్లో దీపావళి ఎవరైనా చేస్తారా అన్నారు. కమిటీలో ఒకాయన, మామగారికి ఫ్రెండ్, పురుగులు వాటంతట అవే వచ్చి పడుతుంటే మనమేం చేస్తాం, అది వాటి కర్మ అన్నాడు. అని, గ్లాసులోని నీళ్ళు గుడ్డలో వడగట్టుకుని తాగాడు. కంటికి కనపడని జీవి కడుపులోకి పోకూడదు కదా.

నితేశ్ తల దించుకుని రొట్టె తిన్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం



వెనక షెడ్డులో నిర్వాణ లడ్డూలకి బూందీ వేస్తున్నారు. పొయ్యి పక్కన పెద్ద లైటు. నేను వెళ్ళేసరికి బాణలిలో నెయ్యి మీద పచ్చటి మీగడలా తేలుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే రెక్కలు, కాళ్ళు. వంటాయన గరిటెతో తీసి పక్కకి విసురుతున్నాడు. తీసినకొద్దీ పడుతున్నాయి. చివరికి నెయ్యిని గుడ్డలో వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. పారబోయమన్నాను. ప్రెసిడెంట్ గారు వద్దన్నారన్నాడు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ఎల్లుండి తెల్లవారుజామున నిజామాబాద్ నుంచి బస్సుల్లో జనం వస్తారు, వీడియో తీసేవాళ్ళు వస్తారు, గుడి నిండా పురుగులుంటే పరువు పోతుంది అని చర్చ. లైట్లు ఆపుదామని ఒక్క నోటి నుంచీ రాలేదు. మందు కొట్టిద్దాం అన్నాడు ఒకడు. కాసేపు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పురుగుల మందు, జైన గుడిలో, స్వామి మోక్షానికి వెళ్ళిన రోజున. వాళ్ళకీ సిగ్గేసినట్టే ఉంది. అప్పుడు మామగారు గొంతు సవరించుకుని, మనం కొట్టడం లేదు కదా అన్నారు. కొట్టేది పాల్ రాజ్. నిజామాబాద్‌లో అతనికి మందు కొట్టే వ్యాపారం ఉంది. క్రైస్తవుడు, అతని మతంలో దీనికి అభ్యంతరం లేదు. కాబట్టి అతనికి పాపం అంటదు. చేత్తో ముట్టం కాబట్టి మనకీ అంటదు.

నేను గట్టిగా నవ్వేశాను. ఇంకెవరూ నవ్వలేదు. అందరూ తలలూపుతున్నారు.

ఆర్జవి మామగారి కుర్చీ పక్కనే నిలబడి అంతా వింది. కానీ చేయించినా పాపమే కదా దాదాజీ అంది. తలలూపడం ఆగిపోయింది. ఈ పిల్ల ఆపుతుంది, వీళ్ళందరినీ ఇదొక్కతే ఆపుతుంది అనుకున్నాను. మామగారు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుగ్గ నిమిరారు. అది మునులకి చెప్పిన పాఠం బేటా, సంసారులకి కొంచెం సడలింపు ఉంటుంది అన్నారు. అందుకే మనకోసం పనిచేసే మనుషుల్ని పెట్టుకుంటాం అన్నారు. కమిటీ అంతా ఆహా అంది. చాక్లెట్ ఇచ్చారు.

ఆర్జవి చాక్లెట్ విప్పకుండా నా దగ్గరికి వచ్చింది. దాదాజీ చెప్పింది నిజమేనా అని అడిగింది. గది నిండా మనుషులు. తర్వాత చెప్తాను అన్నాను.

గదిలోకి వచ్చాక నితేశ్‌తో గొడవపడ్డాను. పండగ అయిపోనీ అన్నాడు. ఇతనితో పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్నాను. ప్రతి మాటకీ ఏదో ఒకటి అయిపోనీ అనే అంటాడు.

ఆర్జవి చాక్లెట్ తినేసి పడుకుంది.

అక్టోబర్ 20, సోమవారం, మధ్యాహ్నం

పాల్ రాజ్ వచ్చాడు. వీపు మీద మందు డబ్బా, మూతికి రుమాలు. నేను వరండాలో ఉంటే దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. నిజంగనే కొట్టమంటరా అమ్మా, మీ గుళ్ళల్లకు నన్నెవ్వలు పిలువరు, గిదే ఫస్టు అన్నాడు. నాకైతే పాపం గాదని సేట్ చెప్పిండు, మా పాస్టర్‌కు గీ సంగతి ఎవ్వలు చెప్పలేదేమో అని నవ్వాడు. వద్దు, వెళ్ళిపో అనాలి. నా నోటిదాకా వచ్చింది. మామగారు అటువైపు నుంచి చెయ్యి ఊపారు. అతను వెళ్ళి గోడలకి, మెట్లకి, గుమ్మానికి కొట్టాడు.

సాయంత్రం

దాదీని తీసుకొచ్చారు. రెండో రోజు ఉపవాసం, పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. మంచం మీద వాలగానే ఏమిటీ వాసన అని అడిగింది.

ఫినాయిల్ అన్నాను.

సరే అని కళ్ళు మూసుకుంది.

అక్టోబర్ 21, మంగళవారం

జనమంతా టిఫిన్లు తింటున్నారు. నేను గది గడియ వేసుకుని రాస్తున్నాను.

రాత్రంతా లైట్లు ఆపలేదు. వీడియోవాళ్ళు తెల్లవారకముందే షాట్లు తీసుకోవాలట. లైట్లకి పురుగులు వస్తూనే ఉన్నాయి, మందు తగిలి పడుతూనే ఉన్నాయి. మేం బయటికి వచ్చేసరికి గేటు నుంచి గుడి గుమ్మం దాకా తెల్లటి పాలరాయి కనిపించలేదు. పచ్చగా, తడితడిగా, సన్నగా కదులుతోంది.

బ్యాండు మొదలైంది. జనం దారికి రెండు పక్కలా నిలబడ్డారు. ఆర్జవి కాషాయం రంగు లంగా వేసుకుని, వెండి పళ్ళెంలో తన తలకాయంత లడ్డూ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఒక పాదం ఎత్తి, కింద చూసి, మళ్ళీ వెనక్కి పెట్టేసింది.

పదమన్నారు. కదల్లేదు. మామగారు వంగి చెవిలో ఏదో చెప్పారు. తల అడ్డంగా ఊపింది. సుమిత్రమ్మని ఊడవమన్నారు. ఆమె ఒక్క ఊపు ఊడ్చేసరికి ఆర్జవి కేకపెట్టింది. ఊడవొద్దు, అవి ఇంకా బతికే ఉన్నాయి అని. బ్యాండువాళ్ళు ఆపేశారు. తూర్పున తెల్లబడుతోంది, సమయం దాటిపోతోందని పంతులు తొందరపెడుతున్నాడు. అంత జనం ఒక చిన్నపిల్ల పాదం వంక చూస్తూ నిలబడిపోయారు.

నా గుండె పొంగిపోయింది. నా బిడ్డ. వీళ్ళలో ఒక్కరికీ లేనిది దానికి ఉంది. దాన్ని ఎత్తుకుని ఈ గేటు దగ్గరే లడ్డూ పెట్టించేద్దాం, ఎవరు ఏమన్నా సరే అని ముందుకి జరిగాను. జనాన్ని తోసుకుంటూ వెళ్తున్నాను.

అంతలో దాని మొహం వెలిగిపోయింది. లెక్క తేలినప్పుడు వెలుగుతుందే, అలా. సుమిత్రమ్మా, నన్ను ఎత్తుకో అంది. నువ్వు తొక్కితే నాకు అంటదు కదా, నువ్వు మా మతం కాదు కదా, నీక్కూడా అంటదు అంది. గట్టిగా, స్పష్టంగా, అందరికీ వినపడేలా.

సుమిత్రమ్మ చీపురు పట్టుకుని నా వైపు చూసింది. నేనేదో అంటానని చూసింది. నేను కళ్ళు కిందికి దించుకున్నాను.

ఎక్కు బిడ్డా అంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వంగి చంకనెత్తుకుంది. ఆర్జవి ఒక చేత్తో ఆమె మెడ పట్టుకుంది, రెండో చేత్తో పళ్ళెం గుండెకి ఆనించుకుంది. సుమిత్రమ్మ నడిచింది. బ్యాండు ఆగిపోయి ఉంది కాబట్టి ఆమె పాదాల కింది చప్పుడు బాగా వినపడింది. మరమరాల మీద నడిస్తే వచ్చే చప్పుడు.

అందరూ చప్పట్లు కొట్టారు! ఎంత తెలివి, ఎంత జీవదయ, ఈ వయసులో ఎంత వివేకం. ఫోన్లన్నీ లేచాయి. మామగారి కళ్ళల్లో నీళ్ళు. నితేశ్ కూడా కొట్టాడు చప్పట్లు, నేను చూశాను.

గుమ్మం లోపల దింపగానే ఆర్జవి కడిగిన పాదాలతో నడిచి వెళ్ళి లడ్డూ పెట్టింది. నిర్వాణ కాండం అనే ప్రార్థన తప్పు లేకుండా చదివింది. సుమిత్రమ్మ గుమ్మం బయటే నిలబడింది. ఆమె లోపలికి రాకూడదు, పాదాలు మైలగా ఉన్నాయని ఎవరో చెప్పారు.

దాదీ గేటు దగ్గర కుర్చీలో ఉంది. చప్పట్లు ఎందుకు అని అడిగింది. ఆమె వంగి నేల తడిమింది. అరచేతికి అంటుకున్నవాటిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

ఫినాయిల్ అన్నావు కదా అంది.

గదికి తీసుకెళ్ళమంది. లడ్డూ చూడలేదు. ఉపవాసం విడవడానికి గోరువెచ్చటి నీళ్ళు ఇస్తే గ్లాసు పక్కన పెట్టేసింది. ఇంకా అలాగే ఉంది.

నేను కుళాయి దగ్గరికి వెళ్ళాను. సుమిత్రమ్మ కొబ్బరి పీచుతో అరికాళ్ళు తోముకుంటోంది. క్షమించు అనబోయాను. ఆమె తలెత్తకుండా, ఇయ్యాల మాక్కూడ పండుగనే భాభీ, ఇంటికాడ మనుమరాలు ఎదురుజూస్తది, జల్ది పంపియ్యుండ్రి అంది.

సాయంత్రం, నిజామాబాద్

వాట్సాప్ నిండా ఆర్జవి వీడియో. ఒకరు సంస్కారం అని రాశారు, కింద దండాల బొమ్మలు. దాన్ని చూసుకుంటూ మా పిల్ల సోఫాలో కాళ్ళూపుతోంది. దాని పాదాలు శుభ్రంగా ఉన్నాయి, అందుకే నాకు చూడబుద్ధి కావడం లేదు. కన్న కూతురి పాదాలు చూస్తే అసహ్యం వేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అడిగిన రోజు చెప్పి ఉండాల్సింది. గది నిండా మనుషులుంటే ఏం పోయింది.

అక్టోబర్ 22, బుధవారం

సుమిత్రమ్మ పనికి రాలేదు. వంటింటి గట్టు మీద నిన్నటి లడ్డూ ముక్కకి చీమలు పట్టాయి. ఆర్జవికి అక్కడ పాలగ్లాసు పెట్టుకోవాలి. సుమిత్రమ్మ ఎప్పుడొస్తుంది అని మాటిమాటికీ అడుగుతోంది. తడిగుడ్డ దాని చేతిలో పెట్టి, నువ్వే తుడువు అన్నాను.

ఇంకా అక్కడే నిలబడి ఉంది.